కార్డిలైన్ మొవ్వు కుళ్ళినంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదు

మీ సమస్యను ముందు రెండు ముక్కల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవ్వాలి కదా. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రెండేళ్ల కిందట ఇల్లు కొన్నారు. ఇంటి ముందు ఎనిమిదడుగుల కార్డిలైన్ చెట్టు ఉంది. మీ అత్తగారు దాన్ని తాటిచెట్టు అనే పిలుస్తారు, పొద్దున కాఫీ తాగుతూ కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చుంటారు. ఈ చలికాలం అయ్యేసరికి ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి వేలాడిపోయాయి. బోదె పైభాగం నుంచి నారింజరంగు జిగురు కారుతోంది, దగ్గరికి వెళ్తే వాసన. పక్కింటాయన చచ్చిపోయింది తీయించేయండి అన్నారు. తోటపని చేసే ఒకాయన వచ్చి చూసి వేళ్లతో సహా తవ్వి తీసుకెళ్తానని 180 పౌండ్లు అడిగాడు. కుండీలో ఉన్న ఎర్రాకుల మొక్క కూడా వాడిపోయింది. తీసేయాలా, ఉంచాలా, మళ్లీ పెడితే ఏది పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

తీయించకండి. కనీసం ఆగస్టు నెలాఖరు దాకా ఆ వేరు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకండి. పై బోదె కొయ్యాల్సిందే, అది తప్పదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే చెట్టు చావలేదనే నా నమ్మకం.

మనం తాటిచెట్లు, కొబ్బరిచెట్లు చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ఇక్కడ పొరపాటు పడతాం. తాటికి మొవ్వు ఒక్కటే. అది కుళ్ళినా, పిడుగుపడి కాలినా, ఆ చెట్టు నలభై అడుగులున్నా ఇక మోడే. కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెగులు తగిలితే రైతు ఎందుకంత కంగారు పడతాడో కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. కార్డిలైన్ చూడటానికి అలాగే ఉంటుంది గానీ, తాళజాతి కాదు. ఆస్పరాగస్ కుటుంబానికి చెందింది. మన పిల్లిపీచర, పొలం గట్ల మీద పెంచే కిత్తనార దీనికి చుట్టాలు. ఎండాకాలంలో పిల్లిపీచర తీగ పైనంతా ఎండిపోయినా, కింద దుంపలు బతికే ఉండి, నాలుగు వానలు పడగానే మళ్లీ చిగురించడం మీరు చూసే ఉంటారు. ఇది కూడా అంతే. బోదె పొడవునా బెరడు కింద నిద్రలో ఉన్న మొగ్గలు ఉంటాయి. అది కాక, నేల లోపల బోదెకు కొనసాగింపుగా లావుపాటి దుంప ఒకటి నిలువుగా కిందికి దిగి ఉంటుంది. పైన ఏం జరిగినా ఆ దుంప దగ్గర మట్టి గడ్డకట్టకపోతే చెట్టుకు ఇంకో జన్మ ఉన్నట్టే.

ఈ చెట్టు సొంత ఊరు న్యూజిలాండ్. అక్కడి మూలవాసులైన మావోరీలు దీన్ని టీ కోవుకా అంటారు. ఆ దుంపలోనూ లేత బోదెలోనూ తీపి పదార్థం బాగా ఉంటుంది. మావోరీలు వాటిని కోసి గుంటపొయ్యిలో ఒకటి రెండు రోజులు మగ్గబెట్టి తినేవాళ్లు. ఆకు నారతో తాళ్లు, చెప్పులు అల్లేవాళ్లు. లేత మొవ్వును కూరగా వండుకునేవాళ్లు. అక్కడికి వలస వెళ్లిన తెల్లవాళ్లు కూడా దాన్నే క్యాబేజీకి బదులుగా వండుకుని చెట్టుకు క్యాబేజీ చెట్టు అని పేరు పెట్టారు. దీని బోదె నిప్పుకు ఎంత ఓర్చుకుంటుందంటే, తొలినాటి వలసదారులు దాన్ని డొల్ల చేసి గుడిసెలకు పొగగొట్టంగా వాడుకున్నారు. అడవి కాలిపోయాక కూడా మొదట్లోంచి మొలుస్తుంది. గోల్డెన్ బే దగ్గర పకావావు అనే చోట ఉన్న చెట్టు 17 మీటర్ల ఎత్తు, మొదట్లో చుట్టుకొలత 9 మీటర్లు. దాని వయసు నాలుగైదు వందల ఏళ్లు ఉంటుందని అంచనా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నరికినా కాల్చినా తిరిగి లేచే అలవాటు దీని రక్తంలోనే ఉంది. లీడ్స్ మంచు దానికి కష్టమే, కాదనను. కానీ అదొక్కటే దాన్ని వేళ్లతో సహా చంపడం చాలా అరుదు.

నా సంగతి చెబుతాను. నేను షెఫీల్డ్‌లో ఉంటాను, కొండవాలు మీద ఇల్లు. 2004లో మోకాలెత్తు కార్డిలైన్లు రెండు పెట్టాను, ఒకటి ముందు, ఒకటి పెరట్లో. 2010 డిసెంబర్ ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. బ్రిటన్‌లో వందేళ్లలో అంత చల్లటి డిసెంబర్ రాలేదు. మా పెరట్లో థర్మామీటర్ ఒక రాత్రి మైనస్ 11 చూపించింది. చిత్రం ఏమిటంటే, జనవరి అంతా రెండు చెట్లూ పచ్చగానే ఉన్నాయి. హమ్మయ్య గట్టెక్కాయి అనుకున్నాను. ఫిబ్రవరి చివర్లో ఆకులు మొదళ్ల దగ్గర నీరుకారినట్టు అయ్యాయి, మార్చిలో మొత్తం కుచ్చు పక్కకు ఒరిగిపోయింది. చలి దెబ్బ దీనికి ఆ రోజే కనపడదు, రెండు మూడు నెలలకు బయటపడుతుంది. మీకు కూడా ఫిబ్రవరి వరకు బాగానే ఉంది అని రాశారు చూశారా, అదే ఇది.

పెరట్లోది నేను కోసి వదిలేశాను. ముందు దాన్ని మాత్రం, వీధిలోకి కనపడుతోంది, వాసన వస్తోంది అని, తోటపని చేసే ఒక మనిషిని పిలిచి తవ్వించాను. ఆయన చచ్చిన చెట్టు, ఉంచి లాభం లేదన్నాడు, నేను నమ్మాను. తవ్వుతుంటే దుంప బయటపడింది. నా చేతి మణికట్టు కంటే లావు, పెండలం గడ్డలా ఉంది. పార తగిలి ఒకచోట చెక్కు లేస్తే లోపల పాలలా తెల్లగా, తడిగా, గట్టిగా ఉంది. అది చచ్చిన వేరు రంగు కాదని ఇప్పుడైతే చూడగానే చెప్పగలను, అప్పుడు తెలియలేదు. బరువుగా ఉందని షెడ్డు వెనక మట్టికుప్ప మీద పడేసి వెళ్లాడు. జూన్‌లో నేను కంపోస్ట్ తీయడానికి అటు వెళ్తే, ఆ దుంప అడ్డంగా పడి ఉండే నాలుగు చోట్ల పచ్చటి చిగుళ్లు వేసింది. ఒక్కో చిగురూ అనాసపండు తలమీది కుచ్చంత. ఎవరూ నీళ్లు పోయలేదు, పాతలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకా గుర్తుంది. బతికున్న చెట్టును డబ్బులిచ్చి పీకించాను. ఆ దుంపను వెంటనే పాతాను, కానీ తవ్వకంలో బాగా గాయపడింది కాబట్టి ఆ చలికాలం దాటలేదు. పెరట్లో కదపకుండా వదిలేసిన చెట్టు మాత్రం 2011 జూలైలో మొదట్లోంచి ఏడు పిలకలు వేసింది. వాటిలో మూడు ఉంచాను. ఆరేళ్లకు అయిదడుగులయ్యాయి. 2019 జూన్‌లో మొదటిసారి పూసింది. అందుకే వేరు తవ్వుతానని ఎవరన్నా అంటే నేను ఇంత గట్టిగా వద్దంటాను.

ఇప్పుడు మీ చెట్టు దగ్గరికి వద్దాం. ముందు పరీక్ష. కుచ్చు మధ్యలో ఇంకా విచ్చుకోని లేత ఆకులు కత్తుల్లా నిలబడి ఉంటాయి కదా, వాటిని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. ఆరోగ్యంగా ఉంటే మొత్తం చెట్టు ఊగుతుంది గానీ ఆకు రాదు. మొవ్వు కుళ్ళితే వెన్నలోంచి కత్తి వచ్చినట్టు ఊడి వచ్చేస్తుంది, కింది కొస గోధుమరంగులో జిగటగా ఉంటుంది. మీది ఊడి వస్తుందనే నా అంచనా. తర్వాత బొటనవేలితో బోదెను పై నుంచి కిందికి నొక్కుకుంటూ రండి. దీని బెరడు బెండులా పైపైన మెత్తగానే ఉంటుంది, దానికి భయపడకండి. లోపల గట్టిగా తగులుతోందా, నానిన అట్టపెట్టెలా లోపలికి పోతోందా అన్నది చూడండి. సుత్తి పిడితో తట్టినా తెలుస్తుంది, బాగున్నచోట టక్కుమంటుంది, కుళ్ళినచోట గుల్ల చప్పుడు వస్తుంది. ఎక్కడ గట్టిపడిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోండి.

ఆ నారింజ జిగురు చూసి చాలామంది ఏదో పెద్ద అంటురోగం అనుకుని టెన్షన్ పడతారు. జరిగేది ఇది. బోదెలో తీపి రసం ఉంటుందని చెప్పాను కదా. గట్టి చలికి ఆ రసం గడ్డకట్టి కణాలు పగులుతాయి. మంచు కరిగాక, పగిలిన చోట బ్యాక్టీరియా చేరి ఆ తీపిని పులియబెడుతుంది. పులిసినప్పుడు పుట్టే గాలి రసాన్ని బయటికి నెడుతుంది. అందుకే నురగలా, జిగురులా, తెల్లగానో గులాబీరంగులోనో నారింజరంగులోనో కారుతుంది. ఆ వాసన రెండు రోజులు నిలవున్న కల్లు వాసనకు చాలా దగ్గర, కారణమూ దాదాపు అదే. దీనికి చల్లే మందు లేదు. మందని చెప్పి ఎవరైనా ఏదైనా అమ్మితే కొనకండి. ఉన్న మార్గం ఒక్కటే, కుళ్ళిన భాగం మొత్తం తీసేయడం. పులిసిన రసం బోదె లోపల కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి ఈ పని మేలో చేద్దాంలే అని వాయిదా వేయకండి. రెండు మూడు రోజులు వాన లేదని, రాత్రి గడ్డకట్టే చలి లేదని చూసుకుని ఈ నెలలోనే కోయండి.

కోసేటప్పుడు ఒకేసారి గీత దగ్గర కోయొద్దు. పై నుంచి బెత్తెడు బెత్తెడు చొప్పున బిళ్లలు బిళ్లలుగా కోసుకుంటూ రండి. మామూలు కొమ్మలు కోసే రంపం చాలు, చెక్క మరీ గట్టిగా ఉండదు, కొబ్బరి బోదెలా నార ఎక్కువ. మొదటి బిళ్ల కాఫీ ముద్దలా ముదురు గోధుమరంగులో ఉంటుంది, పిండితే నీరు కారుతుంది. తర్వాతి బిళ్లల్లో అంచు తెల్లబడి మధ్యలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ అరచేతి నడుమ బొట్టంత ఉన్నా ఆగకండి, ఇంకొక బెత్తెడు కిందికి వెళ్లండి. అంచు నుంచి అంచుదాకా మీగడ రంగులో, గట్టిగా, పచ్చి ముల్లంగి వాసనలాంటి పచ్చివాసన వచ్చే బిళ్ల దొరికిందంటే అక్కడ ఆపండి. ఆఖరి కోత కొంచెం ఏటవాలుగా ఉండాలి, వాననీరు నిలవకూడదు. ప్రతి కోతకీ మధ్య రంపాన్ని సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి, లేకపోతే కుళ్ళును మీ చేతులతోనే కిందికి మోసినట్టవుతుంది. కోసిన చోట పెయింట్, మైనం లాంటివి పూయకండి, గాలికి ఆరనివ్వండి. కుళ్ళిన బిళ్లలు కంపోస్ట్‌లో వేయొద్దు, మూటకట్టి చెత్తలో పడేయండి. ఆకు కొసలు చాలా పదునుగా ఉంటాయి, మొగలి ఆకులా ముళ్లు లేవన్న మాటే గానీ కంట్లో గుచ్చుకుంటే ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకుని చేయండి.

ఒకవేళ నేలదాకా కోసినా మంచి చెక్క తగలకపోతే నిరాశపడొద్దు. నేల మట్టానికి రెండు వేళ్ల ఎత్తు ఉంచి ఆపేయండి, దుంపను గుచ్చి చూడటం, తవ్వి చూడటం చేయకండి. చుట్టూ నాలుగు పుల్లలు పాతి ఎవరూ తొక్కకుండా గుర్తు పెట్టండి. నాది అలా నేలమట్టం చేసిందే.

తర్వాత అసలు కష్టమైన పని మొదలవుతుంది, ఏమీ చేయకుండా ఉండటం. ఎరువు వేయొద్దు. ఆకులు లేని చెట్టు నీళ్లు తాగదు, కాబట్టి రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్ళుతుంది. మే అంతా ఏమీ కనపడదు. జూన్‌లో కూడా కనపడకపోవచ్చు. నాకు జూలై రెండో వారంలో కనపడింది, కొందరికి ఆగస్టులో వస్తుంది, మరుసటి ఏడు వేసవిలో మొలిచినవి కూడా నేను చూశాను. బోదె మిగిలితే కోసిన చోటికి కాస్త కింద బెరడు చీల్చుకుని బుడిపెల్లా వస్తాయి, లేకపోతే మట్టిలోంచి వస్తాయి. ఆరో ఏడో వచ్చినప్పుడు అన్నీ ఉంచుకోవాలనిపిస్తుంది. జానెడు ఎత్తు అయ్యేదాకా ఉంచండి. తర్వాత బలమైనవి ఒకటో మూడో ఉంచి మిగతావి మొదట్లో కొంచెం చెక్కతో సహా చీల్చి తీయండి. ఆ తీసినవాటిని ఇసుక కలిపిన మట్టిలో చిన్న కుండీల్లో పెడితే చాలావరకు వేరు పట్టుకుంటాయి. మా వీధిలో నాలుగు ఇళ్లలో ఉన్నవి అలా నా చెట్టు పిల్లలే. పిలకలు జానెడయ్యాక అప్పుడు ఒక గుప్పెడు మామూలు ఎరువు పాదులో వేసి నీళ్లు పోయండి.

మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. తిరిగి వచ్చే చెట్టు ముందున్నంత తాటిచెట్టులా ఒంటి బోదెతో ఉండకపోవచ్చు, ఆవిడకు ఒంటి బోదే ఇష్టమైతే ఒక్క పిలకే ఉంచండి. మొదటిసారి పూసేదాకా అది కొమ్మలు వేయదు, నిటారుగానే పెరుగుతుంది. పూసిన తర్వాత తల చీలి రెండో మూడో తలలవుతాయి. ఆ పూగెల మన చెయ్యి పొడవు ఉంటుంది, వేలకొద్దీ చిన్న మీగడరంగు పూలు, సాయంత్రం పూట వాసన వీధిలోకి వస్తుంది. తేనెటీగలు రోజంతా దాన్ని వదలవు. ఆవిడ చూడాల్సిన దృశ్యం అది.

ఇక వచ్చే చలికాలం సంగతి. బ్రిటన్‌లో తోటల పెంపకానికి సంబంధించిన పెద్ద సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దీన్ని మైనస్ 5 డిగ్రీల దాకా తట్టుకునే తరగతిలో పెట్టింది. ఊరికే ఒక రాత్రి మైనస్ 7 పడి పొద్దున కరిగిపోతే ముదురు చెట్టుకు పెద్దగా ఏమీ కాదు. పగలు కూడా సున్నా దాటకుండా వారం రోజులు ఉంటేనే బోదె లోపలిదాకా గడ్డకడుతుంది. అందుకే సముద్రం ఒడ్డున ఇవి దర్జాగా బతుకుతాయి. డెవన్ తీరంలో వీటిని టోర్బే పామ్ అని, మ్యాన్ ద్వీపంలో మాంక్స్ పామ్ అని పిలుస్తారు. స్కాట్లాండ్ పడమటి తీరంలో ప్లాక్టన్ అనే పల్లె ఉంది, మాస్కో కంటే ఉత్తరాన, అయినా అక్కడ రేవు పొడవునా ఈ చెట్లు వరసగా ఉంటాయి. సముద్రపు వెచ్చదనం చలిని ఎక్కువసేపు నిలవనివ్వదు, ఉప్పుగాలి ఈ చెట్టుకు లెక్క లేదు. లీడ్స్‌కు, షెఫీల్డ్‌కు ఆ అదృష్టం లేదు కాబట్టి ఆ పని మనం చేయాలి.

నవంబర్ మధ్యలో, ఆకులు పొడిగా ఉన్న రోజు, కుచ్చు మొత్తాన్ని పైకి ఎత్తి జడ ముడిచినట్టు చేర్చి మెత్తటి పురికొసతో రెండు మూడు చోట్ల కట్టండి. బయటి ఆకులే లోపలి మొవ్వుకు దుప్పటి అవుతాయి. దాని మీద గార్డెన్ సెంటర్లో దొరికే తెల్లటి ఫ్లీస్ గుడ్డ రెండు చుట్లు, బోదెకు కూడా. మొదట్లో నేల మీద జానెడు మందాన బెరడు ముక్కలో ఎండుగడ్డో పరవండి, బోదెకు తగలకుండా నాలుగు వేళ్లు వదిలి. ఈ నేల మీది దుప్పటే అన్నింటికంటే ముఖ్యం. పైన ఏమైనా దుంప బతికితే చాలని పైన చెప్పాను కదా.

ప్లాస్టిక్ మాత్రం ఎన్నడూ చుట్టకండి. 2012లో ఫ్లీస్ అయిపోయిందని ఒక పిలకకు ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టాను. ఆ చలికాలం గట్టి మంచు కంటే వానలే ఎక్కువ. సంచి లోపల చెమ్మ పట్టి, ఫిబ్రవరిలో విప్పితే మొవ్వు నల్లబడి ఉంది. చలి కంటే కదలని చెమ్మ దీనికి పెద్ద శత్రువు. ఫ్లీస్ కట్టినా సరే, జనవరిలో వెచ్చగా ఉన్న వారం వస్తే ఒకపూట విప్పి గాలి తగలనివ్వండి. మార్చి చివర్లో పూర్తిగా విప్పేయండి.

ఈ కట్టడం నిజంగా పనిచేస్తుందా అని అనుమానపడేవాళ్లకు నా చెట్టే సాక్ష్యం. 2022 డిసెంబర్‌లో ఏడో తేదీ నుంచి పదిహేడు దాకా దేశమంతా గడ్డకట్టింది. అప్పటికి నేను మూడు బోదెల్లో రెండు కట్టాను, మూడోదాని దాకా నిచ్చెన చేరక వదిలేశాను. ఆ మూడోదాని తలే పోయింది. ఒకే చెట్టు, ఒకే వేరు, ఒకే రాత్రులు. దాన్ని కోశాక 2023 జూలైలో కోత కిందనే రెండు చిగుళ్లు వచ్చాయి.

కింది వరస ఆకులు ఏడాది పొడవునా గోధుమరంగుకు తిరిగి వేలాడతాయి, అది జబ్బు కాదు. కిందికి గుంజితే ఊడొస్తాయి. పచ్చిక మీద పడనివ్వకండి, నార మోవర్ బ్లేడుకు చుట్టుకుని ఆపేస్తుంది. నేను వాటిని వేసవిలోనే తీస్తాను, చలికాలానికి ముందు ఉన్నవాటిని బోదె మీద అలాగే వదిలేస్తాను.

కుండీలోని ఎర్రాకుల మొక్క విషయంలో నాకు నమ్మకం తక్కువ, ముందే చెబుతున్నాను. ఎర్రవి, చారలవి పచ్చదానికంటే చలికి సున్నితం. అందులోనూ కుండీలో ఉన్నప్పుడు మట్టి అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది, దుంపకు దాక్కునే చోటు ఉండదు. కుండీ లోంచి మెల్లగా ఊడదీసి వేళ్లు చూడండి. తెల్లటి, గట్టి వేళ్లు కొన్ని ఉన్నా పైది కోసి, కొత్త మట్టిలో పెట్టి, వాన పడని వెలుతురు చోట ఉంచండి. అన్నీ గోధుమరంగులో తొక్క ఊడిపోతూ ఉంటే అది అయిపోయినట్టే. ఈసారి కుండీలో పెడితే ఇక్కడ సంచుల్లో అమ్మే జాన్ ఇన్నెస్ నంబర్ 3 అనే కుండీ మట్టిలో అయిదో వంతు గరుకిసుక కలపండి, కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి నీరు పోయేలా చూడండి. నవంబర్‌లో వేడి లేని పోర్చ్‌లోకో షెడ్డు కిటికీ దగ్గరికో మార్చండి. హీటర్ వేసే హాల్లోకి తేవొద్దు, చీకట్లో ఆ వేడికి ఆకులు సన్నగా పాలిపోయి సాగుతాయి. చలికాలంలో మూడు వారాలకొకసారి గ్లాసుడు నీళ్లు చాలు.

మీరు అడిగిన ఇంకో సంగతి, రాజమండ్రి వెళ్లినప్పుడు కడియం నర్సరీల్లో చూసిన గులాబీ, ఎరుపు ఆకుల మొక్క ఇదేనా అని. పేరు కార్డిలైన్ అన్నది నిజమే గానీ జాతి వేరు. అది ఉష్ణప్రాంతపు మొక్క, ఇక్కడ కిటికీ లోపల పెంచుకోవచ్చు. బయట పెడితే మొదటి మంచుకే పోతుంది, దుంప కూడా మిగలదు.

కొత్తది కొనాలనుకుంటే మామూలు పచ్చాకుల కార్డిలైన్ ఆస్ట్రేలిస్ కొనండి, అన్నిటికంటే చవక, అన్నిటికంటే గట్టిది. టోర్బే డాజ్లర్ లాంటి చారల రకాలు కుండీకే బాగుంటాయి. వెడల్పాటి ఆకుల ఇండివైజా రకం చాలా అందంగా ఉంటుంది, కానీ దానికి చల్లటి, తేమగల, మంచు తక్కువ పడే చోటు కావాలి, మనం ఉండే ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో నేను సలహా ఇవ్వను. మీ అత్తగారికి అచ్చమైన తాళజాతి చెట్టే కావాలంటే ట్రాకికార్పస్ ఉంది. ముదిరాక మైనస్ 10 కంటే కింది చలిని కూడా తట్టుకుంటుంది, విసనకర్రలాంటి ఆకులు, ఆవిడ కళ్లకు ఇంకా దగ్గరగా తాటిచెట్టే. కానీ అది నిజమైన తాళజాతి కాబట్టి మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, అక్కడ మన ఊరి లెక్కే వర్తిస్తుంది. ఏది పెట్టినా మే చివర్లో పెట్టండి, వేసవంతా వేరు దిగడానికి సమయం ఉంటుంది. తూర్పు గాలి కొట్టని చోటు, ఇంటి గోడకు రెండు మీటర్ల దూరంలో. లీడ్స్ బంకమట్టిలో గుంట తవ్వి పాతితే చలికాలంలో ఆ గుంట బకెట్‌లా నీళ్లు పట్టుకుంటుంది. అందుకని గరుకిసుక కలిపి జానెడు ఎత్తు మట్టిదిబ్బ చేసి దాని మీద పెట్టండి. వాలు స్థలమైతే అడుగున పెట్టొద్దు, చల్లగాలి నీళ్లలా కిందికి పారి అక్కడే నిలుస్తుంది.

అయితే కొత్తది ఇప్పుడే కొనొద్దు, కొన్నా పాత చెట్టు చోట పెట్టొద్దు. ఆ తోటపని ఆయనకు ఫోన్ చేసి వేరు తీయడం వద్దని చెప్పండి. కోత మొదలుపెట్టాక ఏ బిళ్ల దగ్గర ఆపాలో తెలియకపోతే, బోదె మీద కోసిన తలాన్ని పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, ఇంకా కిందికి వెళ్లాలా వద్దా చూసి చెబుతాను.